శ్రీశైలం నల్లమల నడకదారి

కర్నూలు వైపు నుంచి నల్లమల అడవి గుండా శ్రీశైలానికి సాగే పాత కాలిబాట. ఆత్మకూరు దగ్గరి వెంకటాపురం దాటి నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, కైలాసద్వారం మీదుగా క్షేత్రం చేరుతుంది. శ్రీశైలం కొండకు మెట్లు కట్టించినవాడు 14వ శతాబ్దపు రెడ్డిరాజు ప్రోలయ వేమారెడ్డి. దారి ఇప్పుడు పులుల అభయారణ్యంలో ఉండటంతో మహాశివరాత్రికి, ఉగాదికి మాత్రమే యాత్రికులను విడుస్తారు.

ఒంటరి నడక ఇక్కడ అరుదు. ఊరి జట్టులో చేరడమే ఆనవాయితీ. దారి తెలిసిన పెద్దవాళ్లు ముందుంటారు. ఉగాదికి వచ్చేవారిలో కన్నడిగులే ఎక్కువ. శ్రీశైలం అమ్మవారు భ్రమరాంబను తమ ఇంటి ఆడపడుచుగా భావించి చీర, పసుపుకుంకుమల సారె తెస్తారు. కొందరు భుజాన కంబి అనే కావడి మోస్తారు. మరికొందరు కాళ్లకు పొడవాటి కర్రలు కట్టుకుని వాటిపైనే నడుస్తారు. నేలమీద నడవడమే గగనమైన చోట అది చూసి తీరవలసిన సాహసం.

పెచ్చెరువు చెంచుల గూడెం. శ్రీశైల మల్లన్న తమ అల్లుడని చెంచులు చెప్పుకుంటారు. అక్కడ రాత్రి విడిది చేసి, తెల్లవారుజామునే బయలుదేరడం మేలు. ఎండ ముదిరాక భీముని కొలను లోయలోకి దిగడం, మళ్లీ కైలాసద్వారం మెట్లెక్కడం మోకాళ్లకు అసలు పరీక్ష. అరిగిన రాళ్లు జారతాయి. చేతికర్ర, నీళ్లసీసా తప్పనిసరి. కైలాసద్వారం దాటితే ఇక నడక తేలికే.