పలనాటి సైన్యం: గుడిలో ఉన్నవారు, కథలో లేనివారు

ఎర్రమంజిల్‌లో స్థిరపడి చాలా ఏళ్లయినా, కార్తీక అమావాస్య సమీపిస్తే నా మనస్సు కారంపూడికి పోతుంది. ఉద్యోగరీత్యా కొంతకాలం పలనాడులో ఉన్నాను. ఈసారి మధుమేహాన్ని పక్కన పెట్టి, ఒక అంతర్యుద్ధాన్ని గురించి వ్రాస్తున్నాను. పాఠకులు మన్నించాలి.

పన్నెండవ శతాబ్దం చివర గురజాల నలగామరాజుకూ, మాచర్ల మలిదేవరాజుకూ నడుమ జరిగినది దాయాదుల పోరు. ఒకవైపు మంత్రిణి నాయకురాలు నాగమ్మ, మరొకవైపు బ్రహ్మనాయుడు. కోడిపందెంలో ఓడిన మలిదేవాదులు వలస పోయారు. గడువు తీరాక రాజ్యభాగం అడగడానికి వచ్చిన రాయబారి అలరాజు విషప్రయోగానికి బలి అయ్యాడు. ఆపైన నాగులేటి ఒడ్డున ఇరుపక్షాలూ నశించాయి. కోస్తా రాజ్యాలు ఈ పోరులో చిక్కి బలహీనపడటం కాకతీయుల విస్తరణకు కలిసివచ్చింది. చరిత్రకారుడికి ఇది ఒక పేరా. పలనాటివారికి మాత్రం ఇది ఏటా ఐదు రోజులు.

రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్లిపాడు అని ఒక్కొక్క రోజుకు ఒక్కొక్క పేరు. వీరుల ఆయుధాలను అక్కడ కొణతాలంటారు. దూరప్రాంతాల నుండి కూడ వాటిని మోసుకొని వచ్చి, నాగులేటిలో స్నానం చేయించి, వీరుల గుడిలో పూజిస్తారు. శ్రీనాథుని పేరిట ద్విపద కావ్యం ఉన్నది, 1947లోనూ 1966లోనూ సినిమాలు వచ్చాయి. నాగమ్మగా కన్నాంబను, ఆ తరువాత భానుమతిని చూసినవారు మీలో ఉండే ఉంటారు. కాని ఈ సైన్యాన్ని నిజంగా బ్రతికించినవారు వీరవిద్యావంతులు. మాలకులానికి చెందిన ఈ గాయకులు బ్రహ్మనాయుని సేనాని మాల కన్నమదాసును మరుగున పడనివ్వలేదు. కులభేదం లేకుండా ఒకే చాపపై కూర్చుని భుజించిన చాపకూడునూ మరువనివ్వలేదు. గ్రంథాలయాలకన్న వారి గొంతులకే నేనెక్కువ విలువనిస్తాను.

అయినా వైద్యునిగా నాకొక వెలితి కనబడుతుంది. కథలో బాలచంద్రుడు ప్రేగులు వెలికి వచ్చినా పోరాడుతాడు. కాని గాయానికి కట్టు కట్టినవాడెవడు? వేలమంది ఒకే ఏటి నీరు త్రాగిన దండులో అతిసారం రాలేదా? వచ్చే ఉంటుందని నా ఊహ. కావ్యం మాత్రం ఆ మాట ఎత్తదు.

అమెరికా అంతర్యుద్ధంలో (1861–65) సుమారు 6,20,000 మంది మరణించారని చాలాకాలంగా చెప్పే లెక్క. అందులో దాదాపు మూడింట రెండు వంతులు కత్తికీ తుపాకికీ కాదు, విరేచనాలకు, టైఫాయిడ్‌కు, న్యుమోనియాకు బలి అయినవారే. అది మనకు తెలియడానికి కారణం అక్కడి సైనిక వైద్యులు రోగాలనూ, శస్త్రచికిత్సలనూ బృహత్సంపుటాలుగా నమోదు చేయడమే. కవి వాల్ట్ విట్మన్ వాషింగ్టన్ ఆసుపత్రులలో క్షతగాత్రుల మంచాల ప్రక్కన కూర్చున్నాడు. ఆ అనుభవం అతని కవిత్వంలోకి వచ్చింది. మన దండుకు అటువంటి లేఖకుడు దొరకలేదు.

ఒక తిరునాళ్లలో నేను వైద్య శిబిరంలో ఉన్నాను. వచ్చినవన్నీ వాంతులు, విరేచనాలు, కాలికి గుచ్చుకున్న ముళ్లు. నాలుగవ రోజు సాయంత్రం ఒక వృద్ధ గాయకుడు గొంతు పోయిందని వచ్చాడు. పరీక్షిస్తూ, "పెద్దాయనా, మీ కథలో వైద్యుడున్నాడా?" అని అడిగాను. ఆయన కొంతసేపు ఆలోచించాడు.

"పడిపోయినోళ్ల కథ వచ్చు బాబూ. దెబ్బ తగిలి బతికి ఇంటికి పోయినోడి కథ మా నాయన నాకు చెప్పలేదు" అన్నాడు.

స్వరపేటిక వాచి ఉన్నది. రెండు రోజులు మాట్లాడవద్దని చెప్పి, ఉప్పునీటితో పుక్కిలించమన్నాను.

"రేపు కళ్లిపాడు గదా బాబూ, ఎట్టా కుదురుద్ది?" అని లేచి వెళ్లిపోయాడు.