యజమానికి లేని క్రమశిక్షణ: కార్పొరేట్ జట్లు, ఆటగాళ్ళు – ఒక పునఃపరిశీలన

వృత్తి క్రీడల్లో క్రమశిక్షణ గురించి తెలుగులో వచ్చిన రాతలు చాలావరకు ఆటగాడి నడవడి దగ్గరే మొదలై అక్కడే ముగుస్తాయి. పొగరు, తాగుడు, శిబిరానికి ఎగనామం. జట్టును కొన్నవాడి నడవడి మాత్రం పరిశోధకుల కంట పడదు. ఈ లోటు నాకు మొదట తోచింది పాణ్యం, నంద్యాల, ఆళ్ళగడ్డ తిరునాళ్ళలో. బండలాగుడు పోటీలో మైకులో మోగేది ఎడ్ల యజమాని పేరు, ఆయన ఊరి పేరు. గెలుపు ఘనతా, ఓటమి తలవంపూ ఆయనవే. కబడ్డీ పందేల్లో బహుమతి ఇస్తానన్న దాత మాట తప్పితే ఆ సంగతి మరుసటి తిరునాళ్ళకూ రచ్చబండ మీద నలుగుతుంది. యజమాని ఎవరో అందరికీ తెలిసిన చోట అతనికీ ఒక కట్టుబాటు ఉంటుంది. కార్పొరేట్ జట్లలో అది కొరవడిందని ఈ వ్యాసం వాదిస్తుంది.

ఆటగాళ్ళ క్రమశిక్షణ విషయంలో తరచూ ఉదహరించే గ్రంథం డేవిడ్ లెనార్డ్ రాసిన ‘ఆఫ్టర్ ఆర్టెస్ట్’ (2012). 2004 నవంబరు 19న రాన్ ఆర్టెస్ట్‌తో సహా ఇండియానా పేసర్స్ ఆటగాళ్ళు ప్రేక్షకులతో కలబడ్డాక అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏ తెచ్చిన వస్త్రధారణ నియమాన్ని, వయోపరిమితిని ఆయన నల్లజాతిపై అదుపుగా చదివాడు. అమెరికా వరకు ఆ మాట కాదనలేం. అయితే శిక్ష ఎవరిమీద పడుతుందో చెప్పే ఆ చదువు, శిక్షించే హక్కు ఎవరికి, ఎలా దఖలుపడిందో చెప్పదు. హైదరాబాదు ఐపీఎల్ జట్టులో వేటు పడిన నాయకుడు తెల్ల ఆస్ట్రేలియన్. లెనార్డ్ సూత్రం ఇక్కడ పనిచేయదు.

డేవిడ్ వార్నర్ సన్‌రైజర్స్ హైదరాబాద్‌కు 2016లో కప్పు తెచ్చిన నాయకుడు. 2015, 2017, 2019లలో ఐపీఎల్‌లో అత్యధిక పరుగులు అతనివే. 2021లో మొదటి ఆరు ఆటల్లో ఐదు ఓడగానే, మే 1న యాజమాన్యం ఒక ప్రకటనతో నాయకత్వం కేన్ విలియమ్సన్‌కు ఇచ్చింది. మరునాడు వార్నర్‌కు జట్టులోనే చోటు లేదు. కారణమేమిటో తనకు చెప్పలేదని తర్వాత అతనే అన్నాడు. నేరం మోపలేదు, విచారణ జరగలేదు, శిక్ష మాత్రం అమలైంది. కబడ్డీలోనూ ఇదే పోకడ. తెలుగు టైటాన్స్ 2023 వేలంలో 2 కోట్ల 60.5 లక్షలు పెట్టి కొన్న పవన్ సెహ్రావత్‌ను, 2025లో అతని కొత్త జట్టు తమిళ్ తలైవాస్ క్రమశిక్షణ పేరుతో సీజన్ మధ్యలో ఇంటికి పంపేసింది. ఆరోపణను అతను ఖండించాడు. ఆ ఖండనను విని తేల్చే స్వతంత్ర వేదిక లేదు.

ఇప్పుడు యజమాని వైపు చూద్దాం. 2008లో డెక్కన్ క్రానికల్ హోల్డింగ్స్ సుమారు 10.7 కోట్ల డాలర్లకు హైదరాబాదు జట్టును కొన్నది. సన్‌రైజర్స్‌కు ముందున్న ఆ జట్టు, డెక్కన్ చార్జర్స్, మొదటి ఏడు అట్టడుగున నిలిచి, 2009లో ఆడమ్ గిల్‌క్రిస్ట్ నాయకత్వంలో దక్షిణాఫ్రికాలో కప్పు గెలిచింది. ఆటగాళ్ళు తమ పని చేశారు. అప్పుల్లో మునిగిన సంస్థ 2012 నాటికి వాళ్ళకు సకాలంలో జీతాలివ్వలేకపోయింది. ఆ సెప్టెంబరులో బీసీసీఐ ఒప్పందాన్ని రద్దు చేసింది. కంపెనీ మధ్యవర్తి ముందుకు వెళ్ళింది. 2020లో సుమారు 4,800 కోట్ల రూపాయలకు అనుకూల తీర్పు కూడా తెచ్చుకుంది. 2021లో బొంబాయి హైకోర్టు దాన్ని కొట్టేసింది. గెలుపోటముల సంగతి అటుంచితే, యజమానికి నోటీసు, మధ్యవర్తి, హైకోర్టు అన్నీ అందాయి. వార్నర్‌కు అందింది ఒక ప్రకటన.

యజమానులకూ శిక్ష పడుతుంది, 2014లో జాత్యహంకార మాటలకు క్లిప్పర్స్ యజమాని డొనాల్డ్ స్టెర్లింగ్‌ను ఎన్‌బీఏ జీవితకాలం నిషేధించింది కదా అనవచ్చు. లీగ్ తన సొంత మార్కెట్‌కు ముప్పు వచ్చినప్పుడు తీసుకున్న చర్యను నియమంగా లెక్కించలేం.

అమెరికాకూ మనకూ అసలు తేడా ఆటగాళ్ళ సంఘంలో ఉంది. 1997 డిసెంబరులో కోచ్ గొంతు పట్టుకున్న లాట్రెల్ స్ప్రీవెల్ ఒప్పందాన్ని గోల్డెన్ స్టేట్ వారియర్స్ రద్దు చేస్తే, ఆటగాళ్ళ సంఘం పోరాడింది. 1998 మార్చిలో మధ్యవర్తి జాన్ ఫీరిక్ ఆ ఒప్పందాన్ని నిలబెట్టి, ఎన్‌బీఏ విధించిన ఏడాది నిషేధాన్ని ఆ సీజన్ వరకు కుదించాడు. తప్పు చేసినవాడికి సైతం అక్కడ వాదన వినిపించే చోటుంది. మన దేశంలో 2019లో ఏర్పడిన భారత క్రికెటర్ల సంఘం మాజీలకే పరిమితం.

కాబట్టి కార్పొరేట్ క్రీడలో క్రమశిక్షణ అంటే యజమాని పెట్టుబడికి రక్షణ మాత్రమే.  ఇకపై పరిశోధకులు ఆటగాళ్ళ ప్రవర్తన కంటే ముందు వాళ్ళ ఒప్పంద పత్రాలు చదవాలి. ప్రస్తుతం ఆడుతున్నవారికి సంఘం, స్వతంత్ర మధ్యవర్తి ఏర్పడేదాకా ‘క్రమశిక్షణ చర్య’ అన్న మాటను యాజమాన్యం చెప్పినట్టే మన వ్యాసాల్లోకి ఎత్తి రాయడం మానాలి.