దాక్కుంటే దారి దొరకదు

ఆ పాత చాప కూడా మంటలో వెయ్యండమ్మా. వీధి చివర పిల్లకాయలు అప్పుడే భోగి మేళాలు మొదలుపెట్టేశారు. అబ్బయా, నువ్వూ రా, ఇట్లా నా పక్కన కూర్చో. సెమిస్టరు రిజల్టు వచ్చిన దగ్గర్నుంచీ నువ్వు గది దాటి రావడం లేదు. రెండు పేపర్లు అరియర్ పడ్డాయని మీ అమ్మ చెప్పింది. నిన్ను తిట్టడానికి పిలవలేదు. ఈ మద్రాసులో చదువు దెబ్బతిన్నవాళ్లు మళ్లీ ఎట్లా నిలబడ్డారో రెండు ముచ్చట్లు చెప్పాలని పిలిచాను.

మొదటిది శ్రీనివాస రామానుజన్ ముచ్చట. పేరు చెప్పగానే నీ మొహంలో కళ వచ్చింది. 'ఆయనా ఫెయిలయ్యాడు గదా తాతా' అంటావు. అవును, అయ్యాడు. జనం అంతవరకే చెప్పి ఊరుకుంటారు. ఫెయిలైన తర్వాత ఆ మనిషి గడిపిన ఏళ్ల గురించి ఎవరూ చెప్పరు. నేను చెప్పేది ఆ ఏళ్ల గురించే.

1904లో ఆయన కుంభకోణం గవర్నమెంటు కాలేజీలో చేరాడు. స్కాలర్‌షిప్పు వచ్చింది. లెక్కలు తప్ప మరో పుస్తకం తెరవలేదు. ఇంగ్లీషు పోయింది, దాంతో స్కాలర్‌షిప్పూ పోయింది. 1905లో ఇంట్లో ఒక్క మాటైనా చెప్పకుండా మన తెలుగు దేశానికి, విశాఖపట్నానికి పారిపోయాడు. అప్పటికి పదిహేడేళ్ల పిల్లవాడు. కన్నవాళ్లు ఎంత అల్లాడిపోయి ఉంటారో ఆలోచించు.

మరుసటి ఏడు మద్రాసు వచ్చి పచ్చయప్ప కాలేజీలో చేరాడు. ఇప్పుడు చేట్‌పట్‌లో కనిపిస్తుందే, అదే కాలేజీ. అప్పట్లో అది జార్జిటౌన్‌లో ఉండేది. అక్కడా లెక్కల్లో ఆయనకు ఎదురు లేదు. కానీ ఎఫ్.ఏ. అంటే ఇప్పటి ఇంటరు లాంటిది, ఆ పరీక్షలో శరీరశాస్త్రం కూడా ఒక పేపరు, అది ఆయనకు ఎక్కేది కాదు. మధ్యలో జబ్బు చేసి ఇంటికి వెళ్లాల్సి వచ్చింది. 1907లో ప్రైవేటుగా మళ్లీ రాశాడు, మళ్లీ పోయింది. అంతటితో కాలేజీ చదువు ముగిసింది. ట్యూషన్లు వెతుక్కుంటూ, స్నేహితుల గదుల్లో తలదాచుకుంటూ, అరకొర తిండితో రోజులు వెళ్లదీశాడు. అంత మేధావికే ఆ పేపర్లు అంత నష్టం చేశాయి. కాబట్టి మార్కులదేముందని ఎవరైనా అంటే నమ్మొద్దు నాయనా.

మరి తలుపు ఎట్లా తెరుచుకుంది? 1910లో ఆయన తన నోటుపుస్తకం చంకన పెట్టుకుని తిరుకోయిలూరు వెళ్లాడు. అక్కడ డిప్యూటీ కలెక్టరు వి. రామస్వామి అయ్యరు. ఇండియన్ మాథమెటికల్ సొసైటీని స్థాపించింది ఆయనే. తాలూకాఫీసులో గుమాస్తా పనైనా ఇప్పించమని అడిగాడు రామానుజన్. అయ్యరు ఆ పుస్తకం తిరగేసి, ఇంత తెలివిని గుమాస్తా పనిలో పాతెయ్యడం తన వల్ల కాదనుకుని, మద్రాసులోని లెక్కల పెద్దలకు చీటీ రాసిచ్చి పంపాడు. ఆ చీటీ పట్టుకుని ఒకరి దగ్గర్నుంచి ఇంకొకరి దగ్గరికి వెళ్లి, చివరికి మన నెల్లూరు చేరాడు. అప్పుడు నెల్లూరు కలెక్టరు ఆర్. రామచంద్రరావు. మొదట్లో ఆ లెక్కలు ఆయనకూ అంతుపట్టలేదు. అయినా రామానుజన్ వెనక్కి తగ్గలేదు. మళ్లీ కలిశాడు, ఓపిగ్గా విడమరిచి చెప్పాడు. నమ్మకం కుదిరాక రామచంద్రరావు సొంత డబ్బులోంచి నెలకు 25 రూపాయలు ఇస్తూ వచ్చాడు.

ఆ తర్వాత 1912 మార్చిలో మద్రాసు పోర్టు ట్రస్టులో నెలకు 30 రూపాయల గుమాస్తా ఉద్యోగం దొరికింది. మరుసటి జనవరిలో కేంబ్రిడ్జిలోని గణితవేత్త హార్డీకి ఉత్తరం రాశాడు. డిగ్రీ లేని ఆ మనిషికే మద్రాసు యూనివర్సిటీ 1913లో నెలకు 75 రూపాయల పరిశోధక వేతనం ఇచ్చింది. 1914 మార్చిలో ఇంగ్లండుకు ఓడెక్కాడు. 1916లో కేంబ్రిడ్జి డిగ్రీ, 1918లో రాయల్ సొసైటీ ఫెలోషిప్పు వచ్చాయి.

ఇప్పుడు ఆలోచించు అబ్బయా. 1905లో విశాఖ రైలెక్కిన పిల్లవాడూ, 1910లో నెల్లూరు రైలెక్కిన యువకుడూ ఒకే మనిషి. ఆ అయిదేళ్లలో తెలివి కొత్తగా పుట్టుకురాలేదు. మొదటిసారి తన ఓటమిని దాచుకుని పారిపోయాడు. రెండోసారి అదే ఓటమితో, చేసిన పనిని చేతబట్టుకుని, సాయం చెయ్యగలవాళ్ల గడప ఎక్కాడు. దారి తెరుచుకున్నది రెండో ప్రయాణంలో.

అందరం రామానుజన్‌లం కాము గదా అంటావు. నిజమే. అందుకే రెండో ముచ్చట మామూలు మనిషిది. నేను చదువుకునేటప్పుడు హాస్టల్లో నా గదిలో ఉన్న కుర్రవాడు, కావలి వైపు పల్లెటూరివాడు. 1960ల్లో మా నెల్లూరు పిల్లలకు హైదరాబాదు కంటే మద్రాసే దగ్గర. హైస్కూలు దాకా తెలుగులో చదివి, ఇక్కడ పీయూసీలో చేరగానే ఫిజిక్సూ కెమిస్ట్రీ అన్నీ ఇంగ్లీషులో వచ్చి మీద పడేవి. మేష్టరు చెప్పేది చెవిన పడేది, బుర్రకెక్కేది కాదు. అర్థం కాని క్లాసుకు వెళ్లడం ఎందుకని మానేశాడు. మానేసినందువల్ల తర్వాతి పాఠం ఇంకా అర్థం కాలేదు. చదువులో బాకీ వడ్డీతో సహా పెరుగుతుంది నాయనా, ఇవాళ తీర్చని పాఠం రేపు రెండు పాఠాల బరువవుతుంది. పగలు పడుకునేవాడు, రాత్రి మెరీనా ఇసకలో ఒక్కడే కూర్చునేవాడు. ఇంటికి మాత్రం బాగా చదువుతున్నానని కార్డులు రాసేవాడు.

ఆ రోజుల్లో రిజల్టు పేపర్లో నంబర్లుగా వచ్చేది. వాడి నంబరు లేదు. పెట్టె సర్దుకున్నాడు. ఎక్కడికిరా అంటే జవాబు లేదు. మా హాస్టల్‌కు వచ్చిపోయే ఒక తెలుగు లెక్చరరు గారు వాణ్ణి కూర్చోబెట్టి, ముందు మీ నాన్నకు నిజం రాయమన్నారు. వణుకుతూ రాశాడు. వారం తిరక్కుండా తండ్రి వచ్చాడు, బియ్యం మూటా, ఊరగాయ జాడీ మోసుకుని. ఒక్క పరుషమైన మాట కూడా అనలేదు. 'సెప్టెంబరులో మళ్లీ రాయచ్చంట గదా' అన్నాడు. అంతే. వాడు ఆ రోజు ఏడ్చినట్టు మళ్లీ ఎన్నడూ ఏడవలేదు.

తర్వాత లెక్చరరు గారు పెట్టిన పద్ధతి చెబుతా విను. పాఠం విన్న రోజే, నిద్రపోకముందే, దాన్ని సొంత మాటల్లో తెలుగులో రాయాలి. మర్నాడు దాన్నే చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో రాయాలి. బాగా వచ్చిన సబ్జెక్టుతో కాదు, భయపెట్టే సబ్జెక్టుతో పొద్దున్నే మొదలుపెట్టాలి. సెంట్రల్ స్టేషను పక్కన మూర్ మార్కెట్ ఉండేది, 1985లో కాలిపోయింది పాపం. అక్కడ పాత పుస్తకాలూ పాత ప్రశ్నపత్రాలూ అణాలకు దొరికేవి. ఆదివారం పూట గడియారం ముందు పెట్టుకుని మూడు గంటలు కదలకుండా ఒక పేపరు రాయాలి. రాసింది దిద్దించుకోవాలి. తప్పు ఎక్కడో తెలిశాక, అది మాత్రమే మళ్లీ చదవాలి. నాకు అర్థమయ్యేలా చెప్పగలిగితేనే వాడికి వచ్చినట్టు లెక్క.

సెప్టెంబరులో గట్టెక్కాడు. డిగ్రీలో మంచి మార్కులే తెచ్చుకున్నాడు. ఒక విషయం గమనించాను. బాగుపడ్డాక కూడా వాడు ఆ పద్ధతి వదల్లేదు. గండం గడవడానికి పట్టుకున్న అలవాటే తర్వాత వాణ్ణి పైన నిలబెట్టింది. మంచి మార్కులు నిలుపుకోవడానికి వేరే విద్య ఏదీ లేదు.

మీ కాలం మా కాలం కంటే కష్టమైంది, నాకు తెలుసు. అటెండెన్సు డెబ్బయి అయిదు శాతం కంటే తగ్గితే పరీక్షకే రానివ్వరంటావు. ప్లేస్‌మెంట్లప్పుడు అరియర్లు ఉన్నాయా అని అడుగుతారంటావు. అందుకే ఆలస్యం వద్దంటున్నా. పండగ సెలవులు అయిపోగానే మీ డిపార్టుమెంటులో ఆ రెండు పేపర్లు చెప్పిన మేష్టర్లను కలువు. మార్కులు వెయ్యమని అడక్కు. ఎక్కడ పోయిందో చూపించమని అడుగు. పాత ప్రశ్నపత్రాలు తీసుకో. క్లాసులో ఆ సబ్జెక్టు బాగా వచ్చిన స్నేహితుణ్ణి పట్టుకో. కొత్త సెమిస్టరు పాఠాలను మాత్రం ఒక్కరోజు కూడా వాయిదా వెయ్యకు, లేకపోతే రెండు నాలుగవుతాయి.

ఇంకొక్క మాట. రాత్రుళ్లు నిద్ర పట్టక, బతుకే అనవసరం అన్నంత చీకటి మనసులో కమ్మితే, తెల్లారేదాకా ఆగొద్దు. నన్ను లేపు. నాతో చెప్పలేకపోతే 14416కు ఫోను చెయ్యి, టెలిమానస్ అంటారు, పలికేవాళ్లున్నారు. ఒక పేపరు పోతే ఇంకొక పరీక్ష ఉంది. నీ బదులు మాకు ఇంకొకరు లేరు.

సరే, మీ నాన్న లేచినట్టున్నాడు. ఆ రెండు పేపర్ల సంగతి ఆయనకింకా తెలీదు గదా. తలంటుకోకముందే నువ్వే వెళ్లి చెప్పు. నేనూ పక్కనే ఉంటా.