ఏ బాయి నీళ్లు?

1950ల నాటి హైదరాబాద్ పెద్ద దవాఖాన వరండా. మనవడి భుజం పట్టుకుని నల్లగొండ రైతొకాయన నిలబడ్డాడు. ఈయన ఒక్క మనిషి కాదు, అప్పటి ఎందరో రోగుల బాధను ఒకరిలో కూర్చి చెబుతున్నాను.

మెడ తిప్పాలంటే మనిషంతా తిరగాలి. కింద పడ్డ తువ్వాల వంగి తీసుకోలేడు. ఏడాదిగా కాళ్లు కొయ్యబారి, నడక ఈడ్పుగా మారింది. ఊళ్లో వాతమన్నారు, పసరు పోశారు. పక్క పట్నంలో సూదులేశారు. ఇక్కడి డాక్టరు మాత్రం ముందు నోరు తెరవమని పళ్లు చూశాడు. గోధుమరంగు గార.

"ఏ బాయి నీళ్లు తాగుతుండ్రు?"

"మా వాడకట్టు బాయే సారూ. అందరం అవ్వే తాగుతం."

కాళ్ల జబ్బుకు వెన్నుతో పాటు ముంజేతి ఎక్స్‌రే కూడా రాశాడు. మనవడు తెల్లబోయాడు. ఫిల్ములో ముంజేతి రెండెముకల నడుమ, పల్చటి పొర ఉండాల్సిన చోట, ముళ్లలా ఎముక పెరిగి ఉంది. వెన్నుపూసలు సున్నం కొట్టినట్టు తెల్లగా ఉన్నాయి. ఫ్లోరోసిస్, బావి నీళ్లలోని ఫ్లోరైడు ఎముకల్లో దిగితే వచ్చే జబ్బు.

ఆ పేరు కొత్తది కాదు. 1937లోనే షార్ట్, ఆయన సహచరులు మద్రాసు ప్రెసిడెన్సీ పల్లెల్లో ఈ జబ్బును వివరించారు. కానీ పడిపోతున్న కాళ్లకూ బావి నీళ్లకూ ముడి వేయగలవాడు కావాలి కదా! లండన్ పుస్తకాల్లో అరుదైన ఈ జబ్బు నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు ఇంటింటా ఉండేది. అందుకే అది తెలిసిన వైద్యులు మన దగ్గరే తయారయ్యారు. నల్లగొండ ఫ్లోరోసిస్ మీద ఎ.హెచ్. సిద్దిఖీ రాసిన వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చింది.

ఆ తర్వాత ఈ పని అందుకున్నది హైదరాబాద్ న్యూరోసర్జన్ డి. రాజారెడ్డి. ఎముకలో దిగిన ఫ్లోరైడును కడిగేసే మందు లేదు. పెరిగిన ఎముక వెన్నుపామును నొక్కేస్తుంటే, పూస వెనక భాగాన్ని తీసి దానికి చోటు చేయాలి. రాయిలా బిగిసిన ఎముకను, లోపలి నరాలకు తగలకుండా తొలచాలి. అలా చేసినా అందరూ లేచి నడవరు. ఆ అనుభవమంతా 1979లో అంతర్జాతీయ నరాల వైద్య గ్రంథంలో ఆయన రాసిన అధ్యాయంలోకి చేరింది. మన వరండాల్లో పడిగాపులు కాసినవాళ్ల ఒళ్లే దానికి ఆధారం. వాళ్లకు మనం రుణపడి ఉన్నాం.

ఇప్పుడు నల్లగొండ, పాలమూరు పల్లెలకు మిషన్ భగీరథ నల్లాల్లో నదీజలం వస్తోంది. పిల్లల పళ్లు తెల్లగా ఉంటే అంతకన్నా ఏం కావాలి! నా దిగులు పెద్దవాళ్ల గురించి. వాళ్ల వెన్నులో పాత బావి ఇంకా ఉంది. కొత్తగా వచ్చే డాక్టరుకు అలాంటి రోగి ఎప్పుడో ఒకరు తగులుతారు. మోకాళ్ల అరుగుదల అనుకుని పంపేయడం తేలిక. ఏం నీళ్లు తాగుతున్నారని అడిగినా, నల్లా నీళ్లనే చెబుతారు.

అందుకే ఇప్పుడు కొంచెం మార్చి అడగాలి: "చిన్నప్పుడు ఏ బాయి నీళ్లు తాగిండ్రు, పెద్దాయనా?"