సున్నాలు రాలిపోయిన పత్రిక

మా ఇల్లెక్కడ అని ఎవరడిగినా ఇప్పటికీ ‘సత్యం థియేటర్ వెనక’ అనే అంటాం. థియేటర్ కూల్చేసి ఏళ్లయింది. 2023లో ఆ చోటనే ఏఏఏ సినిమాస్ తెరిచారు. ఆటోవాళ్లకు మాత్రం అది సత్యమే. అమీర్‌పేట చరిత్రంతా ఇట్లా నాలుక మీదే నడుస్తుంది. పాయెగా నవాబుల్లో అమీర్-ఎ-కబీర్ బిరుదున్నవారి పేరిట అమీర్‌పేట అయిందని, గుట్టమీది రాతిలో అరచేతి గుర్తు, అంటే పంజా, ఉండబట్టి పంజాగుట్ట అయిందని పెద్దవాళ్లు చెప్పేవారు. ఆ రాయి ఎటువైపు ఉండేదని అడిగితే నలుగురూ నాలుగు దిక్కులు చూపించేవారు.

కాగితం మీద మాకంటూ మిగిలింది మా కాలనీ పత్రిక ఒక్కటే. పత్రిక అనడం పెద్ద మాటే లెండి. ఫుల్‌స్కేప్ కాగితం, రెండు వైపులా, నెలకోసారి. 1980ల చివర్లో మొదలుపెట్టాం. పురమాయించింది వరంగల్ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు. “ఎవరు రాస్తారు, ఎవరు అచ్చేస్తారు?” అని మేం నసిగితే ఆయన ఇనుగుర్తి కథ ఎత్తుకునేవారు. 1922లో ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు ఆ పల్లెటూళ్లో కూర్చుని ‘తెనుగు’ వారపత్రిక నడిపారు. అచ్చుపని కూడా తామే నేర్చుకున్నారు. అదే ఏడు నల్లగొండలో ‘నీలగిరి’ వచ్చింది. నాలుగేళ్లకు హైదరాబాదులో సురవరం ప్రతాపరెడ్డి ‘గోలకొండ’ పెట్టి, సంపాదకీయం నుంచి ప్రూఫుల దాకా తానే చూసుకున్నారు. “నిజాం కాలంలో వాళ్లు అంత పని చేస్తే, మీకు నాలుగు గల్లీల సంగతులు రాయడం బరువైందా?” అనేవారు మాస్టారు. ఆ పోలిక మాకు తూగదని ఆయనకూ తెలుసు. సిగ్గుపడి పని చేస్తామని అట్లా అనేవారు.

మా పత్రిక మొదట్లో సైక్లోస్టైల్ మీదే వచ్చేది. ఆ పని చూసినవాళ్లు ఇప్పుడు తక్కువ. మైనం పూసిన స్టెన్సిల్ కాగితాన్ని గట్టి పలక మీద పరచి, ఇనుపమొన ఉన్న కలంతో అదిమి రాయాలి. గీత పడ్డచోట మైనం తొలిగి, అందులోంచి సిరా దిగుతుంది. ఇంగ్లీషుకైతే ఫరవాలేదు. మన లిపి అంతా గుండ్రమాయె! సున్నను పూర్తిగా చుట్టామా, మధ్యలో ముక్క ఊడి చేతికొచ్చేది. అచ్చులో అక్కడ నల్లటి బొట్టు. మొదటి సంచికలో ‘మంజీర నీళ్లు’ అన్నచోటల్లా మకారం పక్కన మిరియపుగింజ అతికించినట్టుంటుంది. మాస్టారే ఉపాయం చెప్పారు. సున్నను ముగించకుండా చీమ దూరేంత సందు వదలమన్నారు. రెండో సంచిక నుంచి సున్నాలన్నీ నోరు తెరుచుకునే ఉంటాయి. వాటిని చూసి ఏ కాలపు సంచికో ఇట్టే చెప్పెయ్యొచ్చు.

ఏం రాసేవాళ్లమంటే, నల్లా ఏ రోజు ఎన్ని గంటలకు వస్తుందో, ఎవరింట్లో ఖాళీ పోర్షన్ ఉందో, ఆషాఢంలో బల్కంపేట ఎల్లమ్మ కల్యాణం నాడు బస్సులు ఎటు మళ్లుతాయో. సాహిత్య పేజీ పెడదామని ఇద్దరు ముగ్గురు పట్టుబట్టారు, కవితలు కూడా వేశాం. ఇవాళ ఫైలు తిరగేస్తే ఆ కవితల జోలికి పోబుద్ధి కాదు. నల్లా టైములే ఆసక్తిగా ఉన్నాయి.

1990ల సగానికల్లా మైత్రీవనం చుట్టుపక్కల కంప్యూటర్ కోర్సుల బోర్డులు మొలిచాయి. జిల్లాల నుంచి పిల్లలు పెట్టెలతో దిగారు. మూడు నెలలుండి వెళ్లిపోయే హాస్టల్ కుర్రాళ్లకు పత్రిక ఎందుకని మా కమిటీ కాపీలు ఇవ్వలేదు. అది మా బుద్ధితక్కువ. హాస్టళ్ల ప్రకటనలు మాత్రం సిగ్గులేకుండా తీసుకున్నాం. చివరికి పత్రికను స్టెన్సిల్ నుంచి తప్పించింది ఆ కుర్రాళ్లలో ఒకడే. పగలు ఒరాకిల్ క్లాసుకు పోయేవాడు, రాత్రి ఒక డీటీపీ సెంటర్లో పని చేసేవాడు. తొమ్మిది దాటాక మా పేజీలు పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్స్‌లో కొట్టిపెట్టేవాడు. ఒక్క పైసా పుచ్చుకోలేదు, మా ఇంటి పులిహోర మాత్రం వద్దనలేదు. ఒకసారి ఫ్లాపీ తీసుకెళ్లి వేరేచోట తెరిస్తే ఒత్తులన్నీ చెదిరిపోయాయి. చూసుకోకుండా అచ్చు వేయించేశాం. ఆ నెల అమ్మవారు ‘అమవారు’ అయ్యారు, ఫోన్లు ఆగలేదు.

రాసేవాళ్లు ఎప్పుడైనా దొరుకుతారు. మూడొందల కాపీలు పట్టుకుని మెట్లెక్కేవాళ్లే దొరకరు. ఆ పని పదేళ్లపాటు పదో తరగతి లోపు పిల్లలే చేశారు. ఏ ఇంట్లో కుక్క ఉంది, ఏ ఆంటీ బిస్కెట్లిస్తుంది, ఎవరు కాగితం చూడకుండానే పప్పులడబ్బా కింద పరుస్తారు, అన్నీ వాళ్లకే తెలుసు. వాళ్లు ఇంటర్లో చేరినప్పుడల్లా పత్రిక రెండు నెలలు ఆగేది. మెట్రో తవ్వకాలు మొదలయ్యేసరికి పూర్తిగా ఆగిపోయింది. 2017 నవంబరులో అమీర్‌పేట స్టేషన్ తెరిచిన కబురు మా పత్రికలో లేదు.

పాత సంచికల ఫైలు కాలనీ సంఘం గదిలో, కింది అంతస్తులో, బీరువా అడుగు అరలో నిలబెట్టి ఉండేది. 2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్కరోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. మా గల్లీలో మోకాళ్లు దాటి నీళ్లు. మూడోరోజు బీరువా తెరిచి, సంచికలు విడదీసి డాబా మీద ఇటుకలు పెట్టి ఆరేశాం. డీటీపీవి బాగానే ఆరాయి. స్టెన్సిల్ సంచికల్లో సిరా కొద్దిగా పాకింది. అప్పటిదాకా వచ్చిన ప్రతి సంచికలోనూ ఒకే ఎత్తులో, అడ్డంగా, గోధుమరంగు మట్టిగీత. నాలాలో పూడిక తీయించాలని మేం వరసగా మూడు నెలలు వేసిన విన్నపం సరిగ్గా ఆ గీత కిందే ఉంది. చదవడానికి వస్తుంది, ఒక్క సున్నాలే కనబడవు.