ఫైటర్ చేపకు తోడు చేపల ఎంపిక: ముందు నీరు చూడండి, తరువాతే రంగు

ఓర్వకల్లు మండలం పొదుపు సంఘాలకు పేరున్న ప్రాంతం. వానాధార పంటలతో పాటు ఇంటి దగ్గరే చేసుకోగల పని ఏదైనా ఉందా అని అడిగే అక్కచెల్లెళ్ళు ఇక్కడ ఎక్కువ. అలా వచ్చే ప్రశ్నల్లో ఈ మధ్య పెరటి రంగు చేపల పెంపకం కూడా చేరింది. రంగు చేపలనగానే అందరి కన్నూ మొదట పడేది బెట్టా చేప మీదే. దుకాణాల్లో దీన్నే ఫైటర్ చేప అంటారు.

కొన్నేళ్ళ క్రితం ఒక సంఘం సభ్యురాలు ఇరవై మగ ఫైటర్లు కొనుక్కొచ్చి, ఖాళీగా ఉన్న ఒకే సిమెంటు తొట్టిలో వేసింది. మరుసటి రోజు నాకు ఫోన్ చేసి, "సార్, రేతిరి ఏసినాము, పొద్దున్నకి ఒక్కదానికీ తోక సక్కంగా లేదు" అంది. వారం తిరిగేసరికి సగానికి పైగా చచ్చిపోయాయి. ఏ చేప పక్కన ఏ చేప ఉండాలో అమ్మినవారు చెప్పలేదు, ఆమె అడగలేదు. అలాంటి నష్టం మీకు రాకూడదని ఈ వ్యాసం.

ఫైటర్ చేప స్వభావం

బెట్టా పుట్టిల్లు థాయ్‌లాండ్, దాని పరిసర దేశాలు. నిదానంగా కదిలే లోతు తక్కువ నీళ్ళలో, గడ్డి మడుగుల్లో, వరి మళ్ళలో బతికే చేప ఇది. థాయ్ భాషలో దీని పేరుకు 'కరిచే చేప' అని అర్థం. 2019లో ఆ దేశం దీన్ని తమ జాతీయ జలచరంగా ప్రకటించింది. పొడవు 6 నుంచి 7 సెంటీమీటర్లు, ఆయుష్షు సుమారు 2 నుంచి 3 ఏళ్ళు.

తోడు చేపలను ఎంచుకునే ముందు దీని గురించి నాలుగు సంగతులు తెలియాలి.

1. మగ చేపకు తన చోటు తనదే. ఇంకో మగ బెట్టా కనిపిస్తే మొప్పలు విప్పి మీదికి పోతుంది. పొడవు తోక, ముదురు రంగు ఉన్న వేరే జాతి చేపను చూసినా మరో మగ బెట్టా అనుకుంటుంది.
2. పెద్ద రెక్కల వల్ల వేగంగా ఈదలేదు. రెక్కలు కొరికే చేపలు పక్కన ఉంటే తప్పించుకోలేదు. పేరుకు ఫైటరే గానీ, చాలాసార్లు దెబ్బ తినేది ఇదే.
3. మన కొర్రమీను లాగా నీటిపైకి వచ్చి నేరుగా గాలి పీలుస్తుంది. తొట్టి నిండా నీరు నింపి మూత బిగిస్తే ప్రమాదం. నీటికీ మూతకూ మధ్య రెండు మూడు అంగుళాల ఖాళీ, మూతకు గాలి రంధ్రాలు ఉండాలి.
4. ఇది మాంసాహారి. దీని నోట్లో పట్టే రొయ్య పిల్లలు, చేప పిల్లలు దీనికి మేతే.

మొదటి పని: నీటి పరీక్ష

రంగులు చూసి చేపలు కొని, తరువాత నీటి సంగతి ఆలోచించడం చాలామంది చేసే పొరపాటు. మెట్ట ప్రాంతంలో చాలా బోర్ల నీరు కఠినంగా ఉంటుంది. సబ్బు నురగ సరిగా రాకపోవడం, పప్పు త్వరగా ఉడకకపోవడం, బిందె అడుగున తెల్లటి పొర కట్టడం దీనికి గుర్తులు. బజారులో దొరికే చాలా రంగు చేపల పుట్టుక మెత్తటి నీళ్ళలో. ఒకదానితో ఒకటి కొట్లాడకపోయినా, నీరు పడక అవి చచ్చిపోతాయి.

ఉదజని సూచిక 6.5 నుంచి 7.5, ఉష్ణోగ్రత 24 నుంచి 28 డిగ్రీలు బెట్టాకు అనుకూలం. ఒక మోస్తరు కఠినత్వాన్ని ఇది తట్టుకుంటుంది. కఠినత్వం లీటరుకు 300 మిల్లీగ్రాములు దాటితే మాత్రం నీటిని మెత్తబరచాలి. టీడీఎస్ మీటరు చూపించేది నీటిలో కరిగిన మొత్తం లవణాలను, కఠినత్వం వేరు. దాన్ని నీటి పరీక్ష కిట్‌తో గానీ, ప్రయోగశాలలో గానీ చూడాలి.

వాన నీటిలో కఠినత్వం దాదాపు ఉండదు. బోరు నీటిలో సగానికి సగం వాన నీరు కలిపితే కఠినత్వం కూడా సుమారు సగానికి దిగుతుంది. మొదటి వానకు మిద్దె కడిగిన నీటిని వదిలేసి, తరువాతి వానల నీటిని పట్టి నిల్వ చేసుకోండి. వాన నీరు లేకపోతే ఊళ్ళోని ఆర్వో ప్లాంటు క్యాను నీటిని ఇదే విధంగా కలపవచ్చు. ఆర్వో నీటిని మాత్రమే వాడితే చేపలకు కావలసిన లవణాలు అందవు. కుళాయి నీరైతే క్లోరిన్ పోవడానికి వెడల్పు తొట్టిలో ఒక రోజు ఆరుబయట ఉంచండి, లేదా దుకాణంలో దొరికే క్లోరిన్ విరుగుడు మందు వేయండి.

మీ నీటికి సరిపోయే తోడు చేపలు

నీరు కొంత కఠినంగా ఉంటే:

• ప్లాటీ: మన ప్రాంతానికి నేను మొదట సిఫారసు చేసేది ఇదే. కఠిన నీరు దీనికి ఇష్టం. పొట్టి తోక, సాధు స్వభావం. ఆడ చేపలను తీసుకోండి. అవి అప్పటికే గర్భంతో ఉండి పిల్లలు పెట్టవచ్చు. ఆ పిల్లల్లో చాలావాటిని బెట్టా తినేస్తుంది. పిల్లలు కావాలంటే తల్లిని ముందే వేరు చేయండి.
• మోలీ: ఆడ చేపలే మేలు. ఇది ప్లాటీ కంటే పెద్దది, చురుకైనది కాబట్టి పెద్ద తొట్టి ఉంటేనే వేయండి.
• ఆడ గప్పీ: ఫరవాలేదు. మగ గప్పీ వద్దు. దాని రంగుల తోక చూసి బెట్టా వెంటపడుతుంది.
• నత్తలు: నెరైట్, రామ్స్‌హార్న్ రకాలు నాచును తింటాయి. కఠిన నీటిలో వీటి పెంకు గట్టిగా ఉంటుంది. కొన్ని బెట్టాలు నత్త మీసాలను కొరుకుతాయి, గమనిస్తూ ఉండండి.

నీటిని మెత్తబరచి, ఆ మెత్తదనం ఏడాది పొడవునా నిలుపుకోగలిగితే:

• హార్లెక్విన్ రాస్‌బోరా, ఎంబర్ టెట్రా: చిన్నవి, గుంపుగా తిరుగుతాయి. కనీసం 8 వేయాలి.
• కోరీడోరాస్: తొట్టి అడుగున మేత వెతుక్కుంటుంది, పైన ఉండే బెట్టా జోలికి రాదు. కనీసం 6 ఉండాలి, అడుగున నున్నటి సన్న ఇసుక వేయాలి. చాలా రకాలు ఎక్కువ వేడికి ఓర్చవు.
• కూలీ లోచ్: చిన్న పాములా ఉండే అడుగు చేప. పగలు దాక్కుని రాత్రి తిరుగుతుంది. కోరీడోరాస్ కంటే వేడిని బాగా ఓర్చుకుంటుంది.

వాన నీరు ఆరు నెలలకే అయిపోయే ఇంట్లో ఈ రెండో జాబితా జోలికి పోవద్దు. మొదటి జాబితాతోనే తృప్తి పడండి.

బెట్టాతో కలపకూడనివి

• ఇంకో మగ బెట్టా. ఆడ, మగలను కూడా శాశ్వతంగా కలిపి ఉంచరాదు. ఆడవాటిని గుంపుగా ఉంచినా అవి కొట్లాడుకోవచ్చు, కొత్తవారు ప్రయత్నించవద్దు.
• గౌరామి, ప్యారడైజ్ చేప: బెట్టాకు దగ్గరి చుట్టాలు. ఒకే చోటు కోసం పోట్లాడతాయి.
• టైగర్ బార్బ్, సెర్పే టెట్రా: రెక్కలు కొరుకుతాయి. వాగులో పట్టిన పరిగెలను కూడా తెచ్చి వేయవద్దు.
• గంబూసియా: దోమల నివారణకు బావుల్లో, కుంటల్లో వదిలే చిన్న చేప. ఊరికే దొరుకుతుందని కొందరు వేస్తారు. చిన్నదే అయినా రెక్కలు కొరకడంలో గట్టిది.
• ఏంజెల్, ఇతర సిక్లిడ్ జాతులు: పెద్దవి, దూకుడుగా ఉంటాయి.
• గోల్డ్‌ఫిష్: చల్లటి నీటి చేప. బాగా పెరుగుతుంది, మలినం ఎక్కువ వదులుతుంది.
• సక్కర్ చేప: అద్దం శుభ్రం చేస్తుందని అంటగడతారు. దీని గురించి చివర్లో విడిగా చెబుతాను.

తొట్టి పరిమాణం, చేపల సంఖ్య

పొడవు, వెడల్పు, నీటి ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి గుణించి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. ఉదాహరణకు 60 × 30 × 35 కొలతల తొట్టిలో 63 లీటర్లు పడతాయి. తోడు చేపలు వేయాలంటే కనీసం 40 లీటర్లు కావాలి, 60 లీటర్లయితే మంచిది. 60 లీటర్ల తొట్టిలో ఒక మగ బెట్టా, 4 ఆడ ప్లాటీలు, రెండు మూడు నత్తలు చాలు. చిన్న గాజు గిన్నెలో బెట్టాకు తోడు అనే మాటే వద్దు.

నీటి మొక్కలు, చిన్న మట్టి కుండ పెంకులు ఉంచితే తరిమినప్పుడు దాక్కోవడానికి చోటు ఉంటుంది. స్పాంజి ఫిల్టర్‌ను నెమ్మదిగా నడపండి. గట్టి ప్రవాహానికి బెట్టా అలసిపోతుంది. వారానికి ఒకసారి నాలుగో వంతు నీరు మార్చండి. మొత్తం నీరు ఒకేసారి మార్చకండి.

కలిపే పద్ధతి

1. కొత్త చేపలను రెండు మూడు వారాలు విడి టబ్బులో ఉంచండి. తెల్ల మచ్చలు, కుళ్ళిన రెక్కలు కనిపిస్తే కలపవద్దు.
2. ముందుగా తోడు చేపలను తొట్టిలోకి వదిలి, అవి కుదురుకున్నాక చివర్లో బెట్టాను వేయండి. ముందే బెట్టా ఉంటే తొట్టి అంతా తనదే అనుకుంటుంది.
3. సంచిని పావుగంట నీటిపై తేలనిచ్చి, కొద్దికొద్దిగా తొట్టి నీరు కలుపుతూ వదలండి.
4. మొదటి రెండు గంటలు దగ్గరే ఉండండి. ఒకటి రెండుసార్లు మొప్పలు విప్పడం మామూలే. ఆగకుండా తరమడం, రెక్కలు చిరగడం, ఏదైనా చేప మేతకు రాకుండా మూలన నక్కడం కనిపిస్తే వెంటనే వేరు చేయండి.
5. ఒక విడి తొట్టి ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. ఒక బెట్టాకు సరిపడిన తోడు మరో బెట్టాకు సరిపడకపోవచ్చు.

బెట్టాకు పైన తేలే గుళికల మేత, అడుగు చేపలకు మునిగే మేత వేయండి. రెండు నిమిషాల్లో తిన్నంతే వేయాలి. మిగిలిన మేత కుళ్ళితే అమ్మోనియా పెరిగి అన్నీ పోతాయి.

ఎండలు, పురుగు మందులు: మన దగ్గర అదనపు జాగ్రత్త

వేసవిలో మన దగ్గర ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. రేకుల షెడ్డు కింద నిస్సారమైన తొట్టిలో నీరు త్వరగా కాగుతుంది. తొట్టెలను చెట్టు నీడన లేదా షేడ్ నెట్ కింద, సగం నేలలో పాతినట్లు కట్టుకోండి. చుట్టూ తడి గోనెపట్టాలు వేయండి. ఐసు ముక్కలు నేరుగా నీటిలో వేయవద్దు. నీరు వేడెక్కితే దానిలో ప్రాణవాయువు తగ్గుతుంది. బెట్టా పైకి వచ్చి గాలి పీల్చుకుని బతకవచ్చు గానీ తోడు చేపల్లో చాలావాటికి ఆ దారి లేదు. అందుకే ఏప్రిల్, మే నెలల్లో ఎయిర్ పంపు ఆగకూడదు, కొత్త చేపలు కొనకూడదు.

పత్తికి, మిరపకు కొట్టే సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు చేపలకు అతి కొద్ది మోతాదులోనే ప్రాణాంతకం. మందు కొట్టి వచ్చిన చేతులతో తొట్టి ముట్టవద్దు. మందు కలిపిన బకెట్టు ఎన్నిసార్లు కడిగినా చేపల నీటికి వాడవద్దు. దోమల కాయిల్, లిక్విడ్ మిషన్ కూడా తొట్టి ఉన్న గదిలో పెట్టవద్దు.

అమ్మకానికి పెంచేవారికి

తోడు చేపల మాట ఇంట్లో అందం కోసం పెంచే తొట్టికే. గుడ్లు పెట్టించే టబ్బులో ఆడ, మగ జత తప్ప ఏదీ ఉండరాదు. గుడ్లు పెట్టగానే ఆడ చేపను తీసేయాలి. పిల్లలు రెండు మూడు నెలలకు వచ్చి కొట్లాట మొదలుపెట్టగానే మగవాటిని విడి సీసాల్లోకి మార్చాలి. సీసాల మధ్య అట్ట పెట్టండి. చిరిగిన తోకకు ధర రాదు.

ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద పెరటి రంగు చేపల యూనిట్ వ్యయాన్ని 3 లక్షల రూపాయలుగా నిర్ణయించారు. రాయితీ సాధారణ వర్గాలకు 40 శాతం, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నదీ లేనిదీ మత్స్యశాఖ సిబ్బందిని అడిగి, ఆ తరువాతే అప్పు మాట ఆలోచించండి. మొదటి ఏడాది రెండు మూడు తొట్లతో చేయి తిరిగాక పెంచుకోండి.

పెరిగిపోయిన చేపను చెరువులో వదలకండి

దుకాణంలో రెండు అంగుళాలుండే సక్కర్ చేప అడుగుకు పైగా పెరుగుతుంది. తొట్టి చాలక చాలామంది చెరువులో, కాలువలో వదిలేశారు. దక్షిణ అమెరికాకు చెందిన ఈ చేపనే ఇప్పుడు మన మత్స్యకారులు దెయ్యం చేప అంటున్నారు. ఒళ్ళంతా గట్టి పొలుసుల కవచం, ముళ్ళు. వలలను చింపుతుంది, గట్లకు బొరియలు చేస్తుంది, మంచి చేపల మేత తింటుంది. బజారులో దీనికి ధర లేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ నీటి వనరుల్లో ఇది వ్యాపించింది. ఒకసారి చెరువులో స్థిరపడితే తొలగించడం దాదాపు అసాధ్యం. మన మెట్టలో ఒక చెరువు నిండటమే కష్టం. నిండిన చెరువును చేజేతులా పాడు చేసుకోవద్దు.

నత్తల విషయంలోనూ ఇదే జాగ్రత్త. బయటి దేశాల ఆపిల్ నత్తల్లో కొన్ని వరి నారును తినే పెద్ద చీడలు. తొట్టి కడిగిన నీటిని కాలువలోకి గాక మొక్కల పాదుల్లో పోయండి. అక్కరలేని చేపలను దుకాణానికి తిరిగి ఇవ్వండి, లేదా పెంచుకునే మరొకరికి ఇవ్వండి.

గుర్తుంచుకోండి

• కొనేముందు మీ బోరు నీటిని పరీక్షించండి.
• ఒక తొట్టికి ఒకే మగ బెట్టా.
• పొట్టి తోక, సాధు స్వభావం, బెట్టా నోట్లో పట్టని పరిమాణం ఉన్న చేపే తోడు.
• కఠిన నీటికి ఆడ ప్లాటీ, నత్తలు నమ్మకమైన ఎంపిక.
• విడి తొట్టి లేకుండా కలపవద్దు.
• తోడు దొరకకపోతే దిగులు వద్దు. బెట్టా ఒంటరిగా హాయిగా బతికే చేప.