నడకకు ముందు మాట

మద్రాసు ఇసుకలో తాబేళ్ల కోసం రాత్రిళ్లు నడవడం 1970ల ఆరంభంలోనే మొదలైంది. పాముల పార్కు పెట్టిన రోములస్ విటేకర్, ఆయన దగ్గర చేరిన ఇంజనీరింగ్ విద్యార్థి సతీష్ భాస్కర్ ఆ పనికి ఆద్యులు. తర్వాత కొన్నాళ్లు ప్రభుత్వ శాఖలు చూశాయి. 1988లో కాలేజీ పిల్లలు దాన్ని తలకెత్తుకున్నారు. అదే స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్జర్వేషన్ నెట్‌వర్క్. పేరు పొడుగే గానీ అంతా స్వచ్ఛందం. చదువైపోయినవాళ్లు వెళ్తుంటారు, కొత్తవాళ్లు వస్తుంటారు.

సీజన్లో వారాంతపు రాత్రి నీలాంగరైలో వచ్చినవాళ్లందరినీ ముందు కూర్చోబెట్టి మాట్లాడతారు. ఆ తర్వాతే బీసెంట్ నగర్ దాకా ఏడు కిలోమీటర్ల నడక. చాలా రాత్రులు తాబేలు కనబడదు. అందుకే ఈ సంస్థ అసలు పని ఆ మాటలేనని నా అభిప్రాయం. తాబేలు దొరక్కపోయినా, విన్నది ఇంటిదాకా వస్తుంది.

ఏం చెబుతారంటారా? గట్టుకొచ్చేది ఆలివ్ రిడ్లీ. ఆడది ఒక్కటే వస్తుంది. వెనక రెక్కలతో అడుగున్నర లోతు గొయ్యి తవ్వి, పింగ్‌పాంగ్ బంతుల్లాంటి గుడ్లు నూటికి అటూఇటూగా పెడుతుంది. గొయ్యి పూడ్చాక, ఒళ్లంతా అటూ ఇటూ ఊపుతూ పొట్టతో ఇసుకను దబదబా అణగ్గొడుతుంది. దాని కళ్లెందుకు కారుతున్నాయని అడిగేవాళ్లుంటారు. ఏడుపు కాదు, ఒంట్లో ఎక్కువైన ఉప్పు అలా బయటికి పోతుంది. పిల్ల ఆడో మగో తేల్చేది ఇసుక వేడి. వేడెక్కువైతే ఆడపిల్లలే ఎక్కువ.

ఇసుక మీద జాడ కనబడితే, కర్రతో మెల్లగా పొడిచి మెత్తగా దిగేచోట చేత్తో తవ్వుతారు. గుడ్లను, పిల్లలయ్యేదాకా కాపాడే హేచరీలో అంతే లోతున పాతితే, నలభై అయిదు రోజులు దాటాక పిల్లలు పైకొస్తాయి. నిజానికి హేచరీ తప్పనిసరై చేసే ఏర్పాటు. పిల్లలు వెలుగున్న వైపుకే పాకుతాయి. చీకట్లో ఆ వెలుగు సముద్రానిది. ఇప్పుడు వీధి దీపాలది. రోడ్డెక్కి చస్తాయి. గుడ్లను అక్కడే వదిలేసే రోజు రావాలి.

పెద్ద తాబేళ్ల బాధ వేరు. ఊపిరికి పైకి రావలసిన జీవి ట్రాలర్ వలలో చిక్కితే మునిగి చస్తుంది. 2025 జనవరిలో చెన్నై తీరానికి వందల కళేబరాలు కొట్టుకొచ్చాయి. ఎన్ని గుడ్లు కాపాడితే ఆ లోటు తీరుతుంది? వలలో తాబేలు తప్పుకునే దారి పెట్టించడం, తీరం దగ్గర ట్రాలింగ్ ఆపడం ప్రభుత్వం చేయాల్సిన పనులు.

మనం చేయగలిగింది ఒకటుంది. చెన్నైలో గానీ విశాఖలో గానీ సముద్రానికి ఎదురుగా ఇల్లున్నవారు జనవరి నుంచి ఏప్రిల్ దాకా రాత్రిపూట మేడమీది దీపాలు ఆర్పండి.